రెండు వేల చెవులు పరిశీలించిన డాక్టర్

విమానం దిగుతున్నప్పుడో, ఘాట్‌రోడ్డు ఎక్కుతున్నప్పుడో మీకు చెవులు దిబ్బడ వేసే ఉంటాయి. ముక్కు మూసుకుని ఒక్క గుటక వేస్తే చాలాసార్లు టప్పున తెరుచుకుంటాయి. వైద్యులు దీన్ని టాయిన్‌బీ పద్ధతి అంటారు. ఆ పేరు జోసెఫ్ టాయిన్‌బీది. 1815లో ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో పుట్టారు. యాభై ఏళ్లకే, తన మీద తానే మందును పరీక్షించుకుంటూ చనిపోయారు.

ఆయన లండన్‌లో వైద్యం మొదలుపెట్టేనాటికి పెద్ద సర్జన్లకు చెవి అంటే చిన్నచూపు. జలగలు పట్టించడం, చెవి వెనక బొబ్బలెక్కే మందు రాయడం, ఏవో చుక్కలు వేయడం... ఇదీ వైద్యం. రోగి కాస్త తేలిగ్గా ఉందంటే నయమైనట్టే లెక్క. లోపల ఏం జరుగుతోందో చూసినవారు తక్కువ. టాయిన్‌బీ చూశారు. చనిపోయినవారి చెవులు దాదాపు రెండు వేలు కోసి పరిశీలించారు. వారిలో కొందరిని బతికుండగా తనే పరీక్షించారు. అప్పుడు తాను చెప్పిన కారణం నిజమేనా అని చూసుకునే అవకాశం అలా దొరికింది. తన అంచనాను తానే ఇలా తనిఖీ చేసుకునేవాళ్లు ఏ కాలంలోనైనా అరుదే!

అలా చూస్తే ఏం తేలిందో తెలుసా? నరాల లోపం అనుకున్న చెవుడు కొందరిలో అసలు నరాలది కానే కాదు. మధ్యచెవిలోని స్టేపిస్ అనే బుల్లి ఎముక కదలకుండా బిగుసుకుపోవడం వల్ల వచ్చింది. అప్పట్లో దానికి చికిత్స లేదు. 1956లో అమెరికాలో జాన్ షియా ఆ ఎముకను తీసి కృత్రిమమైనది అమర్చగలిగారు.

కర్ణభేరికి చిల్లు పడినవారి కోసం టాయిన్‌బీ వెండి తీగకు పలచని రబ్బరు బిళ్ల బిగించి కృత్రిమ కర్ణభేరి తయారుచేశారు. దూదితో అదే పని తాను ముందే చేశానని జేమ్స్ ఇయర్స్‌లీ అనే మరో సర్జన్ వాదించారు. ఆ తగవు మనకెందుకు గానీ, ఫలితాన్ని ఎలా కొలిచేవారో చూడండి. జేబు గడియారం టిక్‌టిక్ ఎంత దూరం నుంచి వినపడుతోందన్నదే కొలత. మొరటుదే కానీ, ముందూ వెనకా పోల్చుకోవడానికి ఒక లెక్కంటూ ఉంది.

ఇప్పుడు ఆ పని ఆడియోగ్రామ్ చేస్తోంది. మీ ఇంట్లో ఎవరికైనా కర్ణభేరి ఆపరేషన్ అయితే దానికి ముందు తీసిన ఆడియోగ్రామ్‌ను భద్రంగా దాచండి. చెవి మానాక డాక్టర్ చెప్పినప్పుడు మళ్లీ తీయించి, రెండూ పక్కపక్కన పెట్టి వివరించమని అడగండి. చీము ఆగడం, చిల్లు మూసుకోవడం, వినికిడి పెరగడం... ఇవి మూడూ వేర్వేరు ఫలితాలు. చిల్లు చక్కగా మూసుకున్నా వినికిడి ఆశించినంత పెరగకపోవచ్చు. మీకు వీటిలో ఏది ముఖ్యమో ఆపరేషన్‌కు ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి.

టాయిన్‌బీకి కొలత దొరకనిది చెవిలో హోరు. అది సాధారణంగా రోగికి తప్ప ఇంకెవరికీ వినపడదు. గడియారంతోనూ తేలదు. మందు ఆవిరిని మధ్యచెవిలోకి పంపితే హోరు తగ్గుతుందేమోనని ఆయనకు అనిపించింది. 1866 జులై 7న సావిల్ రోలోని తన గదిలో ఒంటరిగా క్లోరోఫామ్, హైడ్రోసయనిక్ ఆమ్లం ఆవిర్లు పీల్చారు. మళ్లీ లేవలేదు. పక్కన గడియారం, ఆ ప్రయోగం గురించి రాసుకున్న కాగితాలు దొరికాయి. అప్పటికి కొడుకు ఆర్నాల్డ్‌కు పదమూడేళ్లు. తర్వాతి కాలంలో పారిశ్రామిక విప్లవం అన్న మాటను జనంలోకి తెచ్చిన చరిత్రకారుడు అతనే.

పరీక్షించేదీ తనే, పరీక్షకు గురయ్యేదీ తనే అయినప్పుడు ఆపమనేవారు ఉండరు. ఇవాళ హోరు తీవ్రత తెలుసుకోవడానికి పాతిక ప్రశ్నల పత్రం ఒకటి ఉంది. నిద్ర పడుతోందా, నలుగురిలో మాటలు వినపడుతున్నాయా, చిరాకు కలుగుతోందా వంటివి అందులో ఉంటాయి. మీరు హోరుకు చికిత్స మొదలుపెడుతుంటే తొలిరోజే అలాంటి పత్రం నింపి ఒక నకలు ఉంచుకోండి. కొన్ని నెలలయ్యాక, పాత జవాబులు చూడకుండా మళ్లీ నింపండి.