పాత్రకు తగిన నటుడు: శ్రీ యస్. వి. రంగారావు

చలనచిత్రమును చూచి వచ్చిన మిత్రుల నడుమ కథనుగూర్చిన చర్చ త్వరలోనే ముగియును. కాని ఏ పాత్రకు ఎవరు తగుదురు, ఎవరు తగరు అను చర్చ ఒక పట్టాన ముగియదు. కథానాయకుని విషయమున ఒకరు ఒక నటుని, మరియొకరు వేరొక నటుని పక్షము వహింతురు. ఇట్టి వాదములలో గూడ ఎల్లరును తలయూచి అంగీకరించు పేరు ఒకటి గలదు. ఘటోత్కచుడనిన, కీచకుడనిన, నేపాళ మాంత్రికుడనిన తెలుగువారి కన్నులయెదుట నిలుచు రూపము శ్రీ యస్. వి. రంగారావుగారిది. తమిళదేశమున తరతరములుగా నివసించుచున్న మనబోటి తెలుగువారికి ఆయన చరిత్ర మరింత ఆప్తమైనది. ఆయన బాల్యమున చదువుకొన్నది చెన్నపట్టణముననే. నటించినది రెండు భాషలలోను. రెండు భాషలవారును ఆయనను తమవానిగనే భావించిరి.

సామర్ల వెంకట రంగారావుగారు 1918 వ సంవత్సరము జూలై 3 వ తేదీన నూజివీడులో జన్మించిరి. ఆ ఊరు అప్పుడు కృష్ణాజిల్లాలోనిది. నేడు ఏలూరు జిల్లాలో నున్నది. తండ్రి కోటేశ్వరరావుగారు ఆబ్కారీ శాఖలో ఉద్యోగి. రంగారావుగారు తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలులో చదువుచున్న దినములలోనే నాటకములపై మక్కువ పెంచుకొనిరి. పిదప తెలుగుసీమకు మరలి, బి. యస్సి. పట్టమును పొందిరి. కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ అను నాటకసంఘ ముండెను. అంజలీదేవి, ఆదినారాయణరావు, రేలంగి మొదలగువా రా సంఘమునకు చెందినవారే. రంగారావుగారు గూడ అందు చేరి వేషములు ధరించిరి. జీవనోపాధికి అగ్నిమాపక శాఖలో ఉద్యోగము స్వీకరించి బందరునందును, విజయనగరమునందును పనిచేసిరి. పగటివేళ నిప్పు నార్పు పని; హృదయములో మాత్రము నాటకమను నిప్పు ఆరకయే యుండెను.

పిదప ఆయనకు తొలి అవకాశము వచ్చెను. బి. వి. రామానందముగారు దర్శకత్వము వహించిన వరూధిని చిత్రములో ప్రవరుని పాత్ర ఆయనకు లభించెను. అల్లసాని పెద్దన మనుచరిత్రము చదివిన విద్యార్థులకు ప్రవరు డెవరో చెప్పనక్కరలేదు. పాదలేపనముతో హిమవత్పర్వతమునకు పోయి, అచ్చట గంధర్వకాంత ప్రేమను నిరాకరించి, ఇల్లు చేరుటకై పరితపించు నిష్ఠాపరుడైన బ్రాహ్మణుడు. మొట్టమొదటి చిత్రములోనే కథానాయకుని వేష మనిన ఏ యువకుడు పొంగిపోడు? కాని ఆ చిత్రము విజయము నందలేదు. ఆ తరువాత ఆయనను పిలిచి వేషమిచ్చువారు లేకపోయిరి.

ఈ వ్యాసకర్త అభిప్రాయములో లోపము నటునిలో లేదు. వేషము నెంచుటలో నున్నది. ప్రవరుని గొప్పతనమంతయు నిగ్రహమున నున్నది. అతడు కన్నులెత్తి చూడడు, కంఠ మెత్తడు, వచ్చినదానిని తోసిపుచ్చి వెనుకకు మరలుటయే అతని పని. రంగారావుగారి బలమో, విశాలమైన నేత్రములలోను, ఎత్తైన విగ్రహములోను, ఒక్కొక్క మాటను సాగదీసియు విరిచియు పలుకగల కంఠములోను ఉన్నది. ఏనుగును పూజామందిరములో బంధించినట్లు, ఆ బలమునకు ప్రవరుని పాత్రలో చోటు చాలలేదు.

చిత్రసీమ తలుపులు మూసుకొనగా రంగారావుగారు జంషెడ్‌పూరు వెళ్ళి టాటావారి సంస్థలో ఉద్యోగమున చేరిరి. 1947 డిసెంబరులో లీలావతిగారిని వివాహమాడిరి. అప్పటికి ఆయన వయస్సు ఇరువదితొమ్మిది. ఉద్యోగము, సంసారము, నెలజీతము సమకూడిన పిదప అనేకుల కళాభిలాష చల్లారిపోవును. ఆయన కథ గూడ ఆ ఉక్కునగరములోనే ముగిసియుండవలసినది. అట్లు ముగియకుండుటకు కారణ మొక్కటే: మరల పిలుపు వచ్చినపుడు ఆయన వేషము పెద్దదా, చిన్నదా యని లెక్కింపలేదు. కథానాయకుడుగా తెరపై కెక్కిన వ్యక్తి, 1950 లో వచ్చిన పల్లెటూరి పిల్లలో చిన్న వేషము ధరించుటకు సమ్మతించిరి.

ఆ సంవత్సరముననే విజయావారి షావుకారు వెలువడెను. ఎల్. వి. ప్రసాదుగారు దర్శకులు. అందు సున్నం రంగడను పల్లెటూరి రౌడీ పాత్ర రంగారావుగారికి వచ్చెను. కథలో ప్రధానపాత్ర కాకపోయినను, ఆ మనిషి తెరపైకి వచ్చినపుడెల్ల ప్రేక్షకుని చూపు అతనివైపే మరలెను. మన ఊరి సంతలోనో, బండ్లరేవులోనో అట్టివానిని చూచితిమే యని ఎల్లరకును తోచెను. ప్రవరునిగా ఇమడని నటుడు రంగనిగా ఇట్టే ఇమిడిపోయెను.

మరుసటి యేట, 1951 లో, కె. వి. రెడ్డిగారి పాతాళభైరవి వచ్చెను. తోట రాముడుగా ఎన్. టి. రామారావుగారు, నేపాళ మాంత్రికుడుగా రంగారావుగారు నటించిరి. జానపద కథలలో మాంత్రికుడనిన పెద్దగా అరచుచు, గ్రుడ్లురుముచు ఉండువాడని అందరును తలంతురు. రంగారావుగారి మాంత్రికు డట్టివాడు కాడు. అతడు నింపాదిగా నడచును, మృదువుగా పిలుచును, బలి యిచ్చుటకు తెచ్చిన యువకుని సైతము ముద్దుగా పలుకరించును. ఆ మార్దవములోనే భయమున్నది. శిష్యుడైన సదాజపునిపై విసుగుకొనునపుడు నవ్వు గూడ పుట్టించును. భయమును, నవ్వును ఒకే ముఖముపై నిలుపుట సామాన్యము కాదు. తోట రాముని సాహసము మనకు గొప్పగా కనబడుటకు కారణము ఎదుట నిలిచిన మాంత్రికుడు అంత గొప్పవాడగుటయే. ఆనాటికి రంగారావుగారికి ముప్పదిరెండేండ్లు మాత్రమే యనిన నమ్మశక్యము కాదు.

వయస్సు మాట వచ్చినది గనుక ఒక చిత్రమైన సంగతి చెప్పవలెను. 1955 లో వచ్చిన మిస్సమ్మలో ఆయన జమీందారు గోపాలము, సావిత్రి, జమునల తండ్రి. అందు కథానాయకుడైన రామారావుగారికంటె ఆయన నిజముగా పెద్దవాడు అయిదేండ్లు మాత్రమే. 1957 లో వచ్చిన మాయాబజారులో ఘటోత్కచుని తల్లి హిడింబిగా సూర్యకాంతమ్మగారు నటించిరి. ఆమె జన్మించినది 1924 లో. అనగా తల్లి కొడుకుకంటె ఆరేండ్లు చిన్నది! అయినను చిత్రము చూచునపుడు ఎవ్వరికిని ఈ లెక్క స్ఫురింపదు. వేషధారణమునకు వయస్సు ముఖ్యము కాదు, నడక, చూపు, కంఠము ముఖ్యములని ఇంతకంటె గట్టి నిదర్శన మేమి కావలెను?

అదే 1955 లో బి. యన్. రెడ్డిగారి బంగారుపాప వచ్చెను. జార్జి ఎలియట్ అను ఆంగ్ల రచయిత్రి వ్రాసిన సైలస్ మార్నర్ నవల దానికి ఆధారము. లోకముచేత వంచింపబడి కరకుగా మారిన కోటయ్య, దిక్కులేని పసిపాప చేతికి వచ్చినంతనే క్రమముగా మనిషియగును. మాంత్రికుని చూచి జడిసిన పిల్లలే కోటయ్యను చూచి కన్నీరు కార్చిరి. ఆయన చిత్రములలో పదుగురు మెచ్చునవి వేరే యున్నను, ఈ వ్యాసకర్త ప్రథమస్థాన మిచ్చునది కోటయ్యకే. అందు కిరీటము లేదు, గద లేదు, మంత్రము లేదు. ఆయన కంఠమును గూడ తగ్గించుకొనిరి. ప్రవరునికి కావలసిన నిగ్రహము ఆయనలో లేకపోలేదనియు, అది వెలువడుటకు తగిన పాత్ర కావలసివచ్చెననియు బంగారుపాప నిరూపించినది.

ఇక మాయాబజారు సంగతి. ఘటోత్కచుడు రాక్షసుడు; కాని అన్నదమ్ములయెడ అనురాగము, శ్రీకృష్ణునియెడ భక్తి గలవాడు. రంగారావుగా రా పాత్రలో భయానకమును తగ్గించి, పెద్దన్న ముచ్చటను, పసివాని ఉల్లాసమును చేర్చిరి. గద భుజమున నుంచి నిలుచు ఠీవి, వివాహపు వంటకములను చూచి మీసము దువ్వుచు పొందు సంతోషము, ఆ పకపక నవ్వు నేటి బాలురకు సైతము కంఠస్థములే. ఈ చిత్రములోని పాత్రల ఎంపికలో మరియొక విశేషము గలదు. ఘటోత్కచుడు మాయచే శశిరేఖ రూపము దాల్చును. అప్పుడు తెరపైనున్నది సావిత్రి. కాని లోపల నున్నది ఘటోత్కచుడు. అందుచేత సావిత్రి రంగారావుగారి నడకను, చూపును, మీసము దువ్వు అభినయమును తాను ధరింపవలసివచ్చెను. ఒక మహానటి మరియొక నటుని పాత్రగా స్వీకరించిన ఆ సన్నివేశములు ఎన్నిమార్లు చూచినను తనివితీరదు. మాయాబజారును 2010 లో రంగులతో మరల విడుదల చేయగా, తాతలతోబాటు మనుమలును వెళ్ళి చూచిరి.

మన ప్రాంతపు పాఠకులు ప్రత్యేకముగా గమనింపదగిన విషయ మొకటి గలదు. ఆ కాలమున విజయావారు ఒకే కథను తెలుగునందును, తమిళమునందును వేరువేరుగా చిత్రించుచుండిరి. ఒక్కొక్క భాషకు తగినట్లు నటులను మార్చుచుండిరి. మిస్సమ్మలో రామారావుగారి స్థానమున తమిళములో జెమినీ గణేశన్ వచ్చిరి. నాగేశ్వరరావుగారి స్థానమున తంగవేలు వచ్చిరి. మాయాబజారులో అభిమన్యుడైన నాగేశ్వరరావుగారికి మారుగా తమిళములో జెమినీ గణేశన్, లక్ష్మణకుమారుడైన రేలంగికి మారుగా తంగవేలు నటించిరి. కథానాయకులు మారిరి, హాస్యనటులు మారిరి. జమీందారు గోపాలముగాని, ఘటోత్కచుడుగాని మారలేదు. వివాహభోజనపు పాటను తెలుగున మాధవపెద్ది సత్యముగారు, తమిళమున తిరుచ్చి లోకనాథన్‌గారు పాడిరి; కంఠములు రెండైనను ఆ పాట కభినయించిన ముఖ మొక్కటే.

అట్లే 1960 లో శివాజీ గణేశన్ నటించిన పడిక్కాద మేదై తమిళమున రాగా, 1962 లో ఆ కథయే రామారావుగారితో ఆత్మబంధువుగా తెలుగున వచ్చెను. నాయకుడు మారెను, ఇంటి యజమానులుగా రంగారావుగారును, కన్నాంబగారును రెండింటను నిలిచిరి. ఇంట తెలుగు, వీధిలో తమిళము మాటలాడు మన పిల్లలకు ఇది చిన్న విషయము కాదు. రెండు భాషల నడుమ నుండువాడు రెండింటికిని పరాయివాడని కొందరందురు. రెండింటికిని సొంతవాడు గూడ కావచ్చునని రంగారావుగారి జీవితము చూపుచున్నది.

1963 లో కమలాకర కామేశ్వరరావుగారి నర్తనశాల వచ్చెను. అందలి పాత్రల కూర్పు మెచ్చదగినది. బృహన్నలగా రామారావుగారు, సైరంధ్రిగా సావిత్రి, కీచకునిగా రంగారావుగారు నటించిరి. భీమునిగా బరువులెత్తుటలో ప్రఖ్యాతుడైన దండమూడి రాజగోపాలరావుగారిని ఎంచిరి. కీచకుడు అల్పుడైన దుష్టుడు కాడు; మత్స్యదేశపు సేనాని, రాణి సోదరుడు. రంగారావుగా రా అధికారమును నడకలోనే చూపిరి. అంతటి వానిని వధించుటకు నిజముగా కండబలమున్న భీముడే కావలెను గదా! 1964 లో జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చలనచిత్రోత్సవమున రంగారావుగారికి ఉత్తమ నటుడను బహుమాన మీ పాత్రకే లభించెను.

మెచ్చుకొనుటయే అభిమానమైనచో అది సగము అభిమానమే. 1956 లో వచ్చిన హరిశ్చంద్రలో ఆయన ధరించిన ప్రధానపాత్ర ఈ వ్యాసకర్తకు అంతగా రుచింపలేదు. హరిశ్చంద్రుడనిన మన జనులు రంగస్థలముపై పద్యము పాడు కంఠమునే ముందు తలంతురు. రంగారావుగారి కంఠము పలుకునకు పుట్టినది, పద్యమునకు కాదు. పైగా విధికి లోబడి వంగిపోవు రాజుకంటె, విధినే ధిక్కరించు హిరణ్యకశిపుడు ఆయనకు తగినవాడు. 1967 లో వచ్చిన భక్తప్రహ్లాదలో బాలనటి రోజారమణి ఎదుట ఆయన నిలిచినపుడు, కుమారునిపై ప్రేమయు, హరిపై ద్వేషమును ఒకదానితో నొకటి పెనగులాడుట ఆ ముఖముపై కనబడును. శిక్షించువాడు తండ్రియని మనము మరువకుండునట్లు చేయుటయే ఆ నటనలోని గొప్పతనము.

ఆయన దర్శకుడుగా గూడ పనిచేసి 1967 లో చదరంగం, 1968 లో బాంధవ్యాలు అను చిత్రములను తీసిరి. 1974 జూలై 18 వ తేదీన చెన్నపట్టణమున గుండెపోటుచే స్వర్గస్థులైరి. అప్పటికి ఆయన వయస్సు ఏబదియారు సంవత్సరములు. పద్మ బిరుదము లేవియు ఆయనను వరింపలేదు. భారతీయ చలనచిత్రమునకు నూరేండ్లు నిండిన 2013 లో తపాలాశాఖవారు ఆయన చిత్రముతో తపాలాబిళ్ళను వెలువరించిరి. కాని అంతకు చాల ముందే ప్రజలు ఆయనను విశ్వనటచక్రవర్తియని పిలుచుచుండిరి.

విద్యార్థులారా! పాఠశాల వార్షికోత్సవమున నాటకమాడునపుడు నాయకుని వేషము తమకు రాలేదని మీలో కొందరు చిన్నబుచ్చుకొందురు. ఒక పరీక్షలోనో, ఒక ప్రయత్నములోనో ఓడినవారు తమకు శక్తియే లేదని కృంగుదురు. నాయకుని వేషము వచ్చియు ఓడిన యువకుడే, చిన్న వేషమును కాదనక స్వీకరించి, రౌడీగా, మాంత్రికునిగా, తండ్రిగా, రాక్షసునిగా తన చోటును తాను కనుగొనెను. ఓటమి కలిగినపుడు శక్తి లేదని తలంపక, తగిన పాత్ర యింకను దొరకలేదేమోనని విచారించుకొనుట మంచిది. ఈ సెలవులలో వీలైనచో మాయాబజారును తెలుగున ఒకమారు, తమిళమున ఒకమారు చూడుడు. రెండింటను మారినవా రెవరో, మారనివా రెవరో గమనింపుడు. ఆ మారని ముఖము మీ రిప్పుడు ఎరిగినదే.