సమాసముల మర్మమెరిగిన గనుల పండితుడు

భాషకు నియమము కనిపెట్టినవాడు వైయాకరణుడే కానక్కరలేదు. జపాను భాషాశాస్త్రమున నేటికిని లైమన్ నియమమని వ్యవహరింపబడు సూత్రమునకు పేరిచ్చిన బెంజమిన్ స్మిత్ లైమన్ గనుల ఇంజనీరు, అమెరికా దేశీయుడు.

ఆతడు 1835లో మసాచుసెట్స్ రాష్ట్రమందలి నార్తాంప్టన్ పట్టణమున జన్మించెను. 1855లో హార్వర్డున పట్టభద్రుడై, పిమ్మట పారిసునందును, జర్మనీలోని ఫ్రైబర్గునందును గనుల విద్య నభ్యసించెను. 1870లో నాటి బ్రిటిషు ఇండియాకు వచ్చి పంజాబులోని చమురు నేలలను పరిశీలించెను. 1873లో జపాను ప్రభుత్వోద్యోగియై హొక్కయిదో ద్వీపమున కొండలు, లోయలు గాలించి బొగ్గుపొరలను గుర్తించెను. 1876లో ఆ ద్వీపమునకు భూగర్భ పటమును సిద్ధపరచెను. వెంట తిరిగిన జపాను యువకులకు తన విద్యను నేర్పెను.

స్వదేశమునకు మరలిన పెక్కేండ్లకు, 1894లో, ఆతడు జపాను సమాసములపై ఒక వ్యాసము ప్రకటించెను. ఆ భాషలో రెండు పదములు కలియునపుడు ఉత్తరపదము మొదటి పరుషము తరచుగ సరళమగును. మడత యను అర్థముగల ‘ఒరి’, కాగితమను ‘కమి’ కలిసి ‘ఒరిగమి’ యగును. మనుష్యుడను ‘హితో’ ద్విరుక్తమైనచో ‘హితోబితో’ యగును. ప్రాచీనకాలమున ఆ హకారము పకారముగ నుండుటయే బకారము వచ్చుటకు కారణము. అయితే ఉత్తరపదమున ముందే గ, జ, ద, బల వంటి నాదధ్వని యున్నచో మార్పు కలుగదు. కావుననే దేవత యను ‘కమి’తో గాలి యను ‘కజె’ కలిసినను ‘కమికజె’ గనే నిలుచును. కొన్ని అపవాదములున్నను ఈ నిషేధము మిక్కిలి బలమైనది.

తెలుగువారికి ఇచట ఒక వింత కలదు. మన భాషలో ద్వంద్వ సమాసము గసడదవలకు తావు. తల్లియు తండ్రియు కలిసి తల్లిదండ్రులగుదురు. జపానులో ద్వంద్వము సాధారణముగ ఈ మార్పును అడ్డగించును. ‘యమకవ’ యనిన కొండలును నదులును. ‘యమగవ’ యనిన కొండలలోని నది. ఒక్క అక్షరముచే అర్థమే వేరగును.

ఈ నిషేధమును లైమన్‌కు నూరేండ్లకు పూర్వమే, వైద్యవృత్తితో జీవించుచు ప్రాచీన గ్రంథములకు వ్యాఖ్య రచించిన మోతోఓరి నోరినాగ (1730–1801) గుర్తించియుండెను. లోకము మాత్రము విదేశీయుని పేరునే నిలిపినది. ఇది నోరినాగకు లోపమే. కాని అందుచే లైమన్ కృషికి కొరత రాదు. ఉదాహరణములను ఓపికతో ప్రోగుచేసి, నియమమును పాశ్చాత్య పండితులకు తెలియునట్లు క్రమపరచినవాడాతడు.

శాకాహారియైన లైమన్ 1917లో శాకాహార వంటకములపైనను ఒక పుస్తకము వెలువరించి, 1920లో దివంగతుడయ్యెను. ఆతడు పరిశీలించిన ఇషికారి ప్రాంతపు భూగర్భ బొగ్గుగనులు ఇరువదవ శతాబ్దాంతమునకు మూతపడెను. జీవితమంతయు సేవించిన గనులకంటె, తీరికవేళ తరచిచూచిన మాటలే ఆతని పేరును నేటికిని నిలిపినవి.