మట్టిలోంచి మందు తీయించిన భీమవరం డాక్టర్.. ఎవరీ యల్లాప్రగడ సుబ్బారావు?

ఆదోని, ఎమ్మిగనూరు నల్లరేగడి పొలాల్లో తొలి వాన పడగానే కమ్మటి వాసన వస్తుంది కదా? దానికి కారణం మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ లాంటి బ్యాక్టీరియా. ఆ జాతి బ్యాక్టీరియా నుంచే లక్షల ప్రాణాలు నిలిపిన ఓ మందు వచ్చింది. దాన్ని కనిపెట్టిన ల్యాబ్‌ను నడిపించింది మన తెలుగాయనే!

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు సుబ్బారావు. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టుకున్నారని ఓ తెల్ల ప్రొఫెసర్‌కు కోపం. దాంతో ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బు సోదరుడిని తీసుకుపోయింది. అదే జబ్బు తనకూ వచ్చింది కానీ బతికి బయటపడ్డారు.

1920ల మొదట్లో అమెరికా వెళ్లారు. డబ్బుల్లేక ఆస్పత్రిలో రాత్రిళ్లు రోగుల బెడ్‌పాన్‌లు కడిగారు. హార్వర్డ్‌లో పేరున్న పరిశోధనలు చేసినా పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ ల్యాబ్స్‌లో చేరారు.

అక్కడ ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్ వెంట పడింది. దాన్ని కొలిచేందుకు వాడిన మీటర్ ఏంటో తెలుసా? ఓ బ్యాక్టీరియా! ఫోలిక్ యాసిడ్ లేకపోతే అది పెరగదు. ద్రవంలో వేశాక బాగా పెరిగిందంటే సరుకు ఉన్నట్టే. 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారు చేశారు. అన్నట్టు, స్ప్రూ రోగులకు ఇచ్చేది కూడా ఇదే. సోదరుడు బతికుండగా రాలేదు, అంతే.

ఇక మట్టి సంగతి. ఊరూరి మట్టి తెప్పించేవారు. నీళ్లలో కలిపి, బాగా పలచన చేసి, అగర్ ప్లేట్ మీద పరిచేవారు. కొన్ని రోజులకు చుక్కల్లా కాలనీలు లేస్తాయి. ఒక్కోదాన్ని విడిగా పెంచి, రోగకారక బ్యాక్టీరియా పక్కన పెట్టాలి. చుట్టూ ఖాళీ వలయం కనిపిస్తే, అది శత్రువును చంపుతున్నట్టు. ఎక్కువ ప్లేట్లు చెత్తబుట్టకే!

అలా మిస్సోరీలోని ఓ పొలం మట్టిలో బంగారు రంగు కాలనీ దొరికింది. పట్టుకున్నది సుబ్బారావు టీమ్‌లోని బెంజమిన్ డగ్గర్. అప్పటికే 70 దాటిన ఆయన్ని పనిలోకి తీసుకుంది లెడర్లీనే. మందు పేరు ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది ఇదే.

1948 జులైలో ప్రపంచానికి చెప్పారు. ఆగస్టులో నిద్రలోనే సుబ్బారావు గుండె ఆగిపోయింది. వయసు 53. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు, ఆయన మళ్లీ భారత్‌కు రానేలేదు.

1994లో సూరత్‌లో ప్లేగు భయం పట్టుకున్నప్పుడు జనం మెడికల్ షాపుల ముందు ఎగబడింది టెట్రాసైక్లిన్ కోసమే.