వడ్డీ లేని ఇంటికి పునాది వేసిన క్లారెన్స్ జోర్డాన్

వేరుశనగ, పత్తి పండే ఎర్రనేలల మధ్య పుట్టి, ఆ నేలను దున్నే కూలీల కోసమే పక్కా ఇళ్ళు కట్టించ పూనుకున్న మనిషి క్లారెన్స్ జోర్డాన్. ఆయనది మన దేశం కాదు, అమెరికాలో దక్షిణాదిన ఉన్న జార్జియా రాష్ట్రం. అయినా 1983లో ఖమ్మంలో నిరుపేదల ఇళ్ళ కోసం హాబిటాట్ సంస్థ మొదలుపెట్టిన పనికి మూలం ఎక్కడుందని వెతుక్కుంటూ వెళితే చివరికి ఆయన పొలం గట్టు దగ్గరే తేలుతాం.

జోర్డాన్ 1912 జులై 29న టాల్బటన్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. పదిమంది సంతానంలో ఏడోవాడు. ఇంట్లో తిండికీ బట్టకీ లోటు లేదు. ఇంటికి దగ్గర్లోనే జైలు ఉండేది. అందులో ఎక్కువమంది నల్లజాతి ఖైదీలు, కాళ్ళకు గొలుసులతో పనిచేసేవారు. ఒక సాయంత్రం ప్రార్థన సభలో భక్తిగా పాటలు పాడిన జైలు అధికారే, అదే రాత్రి ఒక ఖైదీని చిత్రహింస పెట్టడం, ఆ కేకలు తన గదిలోకి వినబడడం కుర్రవాడైన క్లారెన్స్ మనసులో నాటుకుపోయింది. పెద్దయ్యాక కూడా ఆయన ఆ సంగతి మరిచిపోలేదు.

రైతులకు మంచి సేద్యం నేర్పితే పేదరికం పోతుందనుకుని జార్జియా విశ్వవిద్యాలయంలో వ్యవసాయ శాస్త్రం చదివి 1933లో పట్టా పుచ్చుకున్నారు. అయితే విత్తనం, ఎరువు ఒక్కటే చాలదని ఆయనకు తోచింది. లూయీవిల్‌లోని క్రైస్తవ వేదాంత కళాశాలలో చేరి, బైబిలు కొత్త నిబంధన మూలమైన గ్రీకు భాషలో 1938లో డాక్టరేట్ తెచ్చుకున్నారు. 1936లో ఫ్లోరెన్స్‌ను పెళ్ళి చేసుకున్నారు. చదువుకు తగ్గ ఉద్యోగం, హోదా దొరికేవే. వాటికోసం చూడకుండా 1942లో, బర్మాలో మిషనరీలుగా పనిచేసి వచ్చిన మార్టిన్, మేబెల్ ఇంగ్లండ్ దంపతులతో కలిసి సమ్టర్ కౌంటీలో అమెరికస్ పట్నానికి నైరుతి దిక్కున 440 ఎకరాల బీడుపడ్డ పొలం తీసుకున్నారు. దానికి కొయినోనియా అని పేరు పెట్టారు. గ్రీకులో ఆ మాటకు కలిసిమెలిసి పంచుకుని బతకడం అని అర్థం.

అప్పటి జార్జియా పల్లెల్లో పాలుకు సేద్యం చేసే కుటుంబాల గతి మన పాలేర్ల గతికి ఏమీ తీసిపోదు. భూమి ఆసామిది, విత్తనం ఆసామి పెట్టుబడి, తిండి గింజలు కూడా ఆయన చెప్పిన కొట్లో ఖాతా మీదే. పంట ఇంటికొచ్చాక లెక్క చూస్తే కూలివాడికి మిగిలేది అప్పే. ఇక వాళ్ళుండే కొంపలు! సందులు పడ్డ చెక్క గోడలు, నేల పలకల కింద నుంచి వీచే చలిగాలి, వాన పడితే కారే కప్పు, నీళ్ళకూ మరుగుకూ బయటికే పోవాలి. ఆ కొంప కూడా ఆసామిదే. పొమ్మన్న రోజు మూట కట్టుకుని పోవలసిందే గనుక బాగుచేసుకునే ఉత్సాహం కూలివాడికి ఉండదు, బాగుచేయించే అవసరం ఆసామికి ఉండదు. ఏళ్ళ తరబడి ఆ ఇళ్ళు అలాగే కుంగిపోతూ వచ్చాయి.

కొయినోనియాలో మాత్రం తెల్లవారికీ నల్లవారికీ ఒకటే కూలి. మధ్యాహ్నం భోజనం అందరికీ ఒకే బల్ల మీద. ఇందులో వింతేముందని నేడు అనిపించవచ్చు గాని ఆ రోజుల్లో, ఆ సీమలో, అది మన పాత పల్లెల్లో అంటరానివారిని పంక్తిలో కూర్చోబెట్టుకున్నంత పని. చుట్టుపక్కల పాడి లేని కుటుంబాలకు ఆవులను ఊరికే అరువిచ్చే ఏర్పాటు కూడా చేశారు. గ్రంథాలయం నుంచి పుస్తకం తీసుకెళ్ళినట్లు పాలిచ్చే ఆవును తోలుకెళ్ళడం, వట్టిపోయాక తెచ్చి అప్పగించి మరో ఆవును తోలుకెళ్ళడం. పిల్లలకు పాలు దొరికాయి, ఎవరికీ అప్పు కాలేదు.

1950లో మన దేశం నుంచి వెళ్ళి అమెరికాలో వ్యవసాయం చదువుకుంటున్న ఒక విద్యార్థి కొయినోనియా చూడడానికి వచ్చాడు. అక్కడి ఆరాధన ఎలా ఉంటుందో చూడాలని ఆ యువకుడు అడిగితే, జోర్డాన్ కుటుంబం వెళ్ళే రెహోబోత్ చర్చికి తీసుకెళ్ళారు. అతని ఒంటి రంగు చూసి సంఘస్థులు భగ్గుమన్నారు. నల్లవాడిని దేవాలయంలోకి తెచ్చారని ఆరోపించి, కొయినోనియా వారిని ఆ చర్చి సభ్యత్వం నుంచి తొలగించారు. హిందూ దేశపు బిడ్డ ఒకడు పక్కన కూర్చున్నందుకు ఒక క్రైస్తవ పండితుడు తన చర్చి నుంచే వెలి అయ్యాడన్నమాట.

అసలు కష్టాలు 1956లో వచ్చాయి. అట్లాంటాలో తెల్లవారు మాత్రమే చదివే ప్రభుత్వ కళాశాలలో చేరాలనుకున్న ఇద్దరు నల్లజాతి విద్యార్థులకు జోర్డాన్ అండగా నిలబడ్డారు. ఆ కబురు ఊరికి చేరడంతోనే బెదిరింపులు మొదలయ్యాయి. రోడ్డు పక్కన ఉన్న వారి అమ్మకాల కొట్టు మీద బాంబు వేశారు. 1957 జనవరిలో మరో బాంబుకు అది నేలమట్టమైంది. రాత్రివేళ కార్లలో వచ్చి ఇళ్ళ మీదికి తుపాకులు కాల్చేవారు. దానికి మించిన దెబ్బ వెలి. విత్తనం అమ్మేవాడు లేడు, ఎరువు ఇచ్చేవాడు లేడు, ట్రాక్టరుకు ఆయిలు పోసేవాడు లేడు. బ్యాంకు అప్పు ఆగింది, బీమా రద్దయింది. బాగా సాగుతున్న గుడ్ల వ్యాపారం కొనేవాడు లేక మూతపడింది. దేశాధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు లేఖ రాసి రక్షణ కోరితే, విషయం తిరిగి రాష్ట్రానికే వచ్చి, చివరికి విచారణ జరిగింది బాంబులు వేసినవారి మీద కాదు, కొయినోనియా మీద!

జోర్డాన్ తమ్ముడు రాబర్ట్ లాయరు. కొయినోనియా తరఫున నిలబడమని అన్న అడిగితే, రాజకీయాల్లో పైకి రావలసినవాడినని వెనుదీశాడు. తర్వాత నిజంగానే పైకి వచ్చి రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. అన్న మాత్రం ఆ పొలంలోనే ఉండిపోయారు.

చుట్టుపక్కల కొనేవాడు లేడు గనుక దూరాన ఉన్నవారికి అమ్మాలనుకున్నారు. అక్కడి తోటల్లో పండే పెకాన్ అనే పప్పుకాయలను పొట్లాలు కట్టి టపాలో దేశమంతా పంపించడం మొదలుపెట్టారు. ఊళ్ళో వెలి వేయవచ్చు గాని సర్కారు టపాను ఆపడం ఎవరి తరం? ఆ పార్సిళ్ళే కొయినోనియాను బతికించాయి. అయితే ఏళ్ళ తరబడి సాగిన ఒత్తిడికి చాలా కుటుంబాలు వెళ్ళిపోయాయి. 1968 నాటికి పెద్ద పొలంలో మిగిలింది గుప్పెడు మందే.

అదే కాలంలో ఆ పల్లెల్లో మరో మార్పు వచ్చింది. ట్రాక్టర్లు, పత్తి తీసే యంత్రాలు దిగాయి. ఆసాములకు పాలుకాపులతో పని లేకపోయింది. పని పోయినవారికి నిలవనీడ కూడా పోయింది. కొందరు దూర పట్నాల మురికివాడలకు వలసపోతే, మిగిలినవారు ఆ కూలిపోతున్న చెక్క కొంపల్లోనే పడి ఉన్నారు.

మిలార్డ్ ఫుల్లర్ అనే యువకుడు ఇరవైల్లోనే లక్షాధికారి అయి, సంసారం చెడిపోయే పరిస్థితి వచ్చాక ఆస్తిని దానం చేసి, 1965 డిసెంబరులో భార్యాబిడ్డలతో కొయినోనియాకు వచ్చాడు. పలకరించి పోదామని వచ్చినవాడు నెల రోజులు ఉండిపోయాడు. 1968లో మళ్ళీ వచ్చి జోర్డాన్‌తో కూర్చున్నాడు. పేదలకు కావలసింది ఉచిత దానం కాదు, కాళ్ళ మీద నిలబడడానికి పెట్టుబడి, పక్కన నిలబడి పనిచేసే మనుషులు అన్నది జోర్డాన్ వాదన. ఆ మాటల్లోంచే మానవతా నిధి పుట్టింది.

పొలంలో ఒక పక్క 42 ఇళ్ళ స్థలాలు, ఒక్కొక్కటి అర ఎకరం చొప్పున కొలిచారు. పెరట్లో కూరగాయలు వేసుకోవాలని అంత స్థలం. నిధికి కొందరు విరాళమిచ్చారు, కొందరు వడ్డీ లేకుండా అప్పిచ్చారు. ఆ డబ్బుతో ఇల్లు కట్టి, అయిన ఖర్చు మాత్రమే ఖరీదుగా వేసి, లాభం లేకుండా, వడ్డీ లేకుండా, 20 ఏళ్ళ వాయిదాల మీద పేద కుటుంబానికి ఇవ్వడం పద్ధతి. వాళ్ళు కట్టే వాయిదాలు మళ్ళీ నిధిలో పడి మరొకరి ఇంటికి గోడలవుతాయి.

వడ్డీ లేకపోవడం ఎంత పెద్ద సంగతో అప్పు చేసి ఇల్లు కట్టినవారికి వేరే చెప్పనక్కర లేదు. లక్ష రూపాయల అప్పు, నూటికి నెలకు రూపాయి వడ్డీ, 20 ఏళ్ళ సమాన వాయిదాలు అనుకుందాం. నెలకు సుమారు 1,101 రూపాయల చొప్పున మొత్తం 2 లక్షల 64 వేలు దాటుతుంది. వడ్డీ లేకపోతే నెలకు 417 రూపాయలు చాలు. మొదటి వాయిదా కట్టలేని కూలివాడు రెండోది కట్టగలడు. ఇల్లు ధర్మం మీద వచ్చింది కాదు, కొనుక్కున్నది. పొమ్మనేవాడు లేడు. మొదటి ఇల్లు సిమెంటు దిమ్మెలతో లేచింది. లోపలే వంటగది, స్నానాల గది.

ఆ ఇల్లు పూర్తి కావడం జోర్డాన్ చూడలేదు. 1969 అక్టోబరు 29న, పొలంలో తాను రాసుకునే చిన్న పాకలో గుండె ఆగి పోయారు. వయస్సు 57. బైబిలు భాగాలను జార్జియా పత్తి చేల మనుషుల మాటల్లోకి మార్చి రాసింది ఆ పాకలోనే. మరణాన్ని ధ్రువపరచవలసిన అధికారి పొలానికి రానంటే, ఫుల్లర్ శవాన్ని కారులో పెట్టుకుని పట్నానికి తీసుకెళ్ళవలసి వచ్చింది. శవపేటికలను రవాణా చేసే మామూలు చెక్కపెట్టెలో, పనిబట్టలతోనే, పొలంలోని గుట్ట మీద పాతిపెట్టారు. గుర్తురాయి పెట్టలేదు. మన్ను పోస్తుండగా ఫుల్లర్ రెండేళ్ళ కూతురు తనకు తెలిసిన ఒకే ఒక పాట, పుట్టినరోజు పాట, పాడిందట.

ఇళ్ళ పని ఆగలేదు. 1969 నుంచి 1992 వరకు కొయినోనియా 194 ఇళ్ళు కట్టింది. ఫుల్లర్ దంపతులు 1973లో ఆఫ్రికాలోని జైర్ దేశానికి వెళ్ళి అదే పద్ధతిలో మూడేళ్ళు ఇళ్ళు కట్టించి, తిరిగివచ్చి 1976లో హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ సంస్థను స్థాపించారు. సమ్టర్ కౌంటీలోనే ప్లెయిన్స్ గ్రామానికి చెందిన మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1984 నుంచి సుత్తి పట్టుకుని ఆ ఇళ్ళ పనిలోకి దిగడంతో సంస్థ పేరు లోకమంతా తెలిసింది.

ఫ్లోరెన్స్ 1987లో చనిపోయేదాకా ఆ పొలంలోనే ఉన్నారు. పెకాన్ పార్సిళ్ళు అక్కడి నుంచి ఇప్పటికీ టపాలో వెళుతున్నాయి.