రాజమండ్రి చంద్రశేఖర్ పేరు ఎవురికి గుర్తుండాది?

తాడిపత్రిలో బండల మిషన్ల కాడికి పనికి పోయే ఆడోళ్లు గానీ, పల్లెల్లో శెనక్కాయ చేన్లో కలుపు తీసేటోళ్లు గానీ, వద్దనుకున్న కడుపు నిలబడితే ఏం చేయాలో పైకి అడగలేరు. అది నేరమనే చానామంది అనుకుంటాండారు. కాదు. యాభై ఏండ్ల పైనే అయింది కాకుండా పోయి. ఆ చట్టం ఎనకాల ఒక తెలుగాయన ఉండాడు, శ్రీపతి చంద్రశేఖర్. నోబెల్ వచ్చిన చంద్రశేఖర్ వేరే, కలపొద్దండి.

ఈయప్ప 1918లో రాజమండ్రిలో పుట్టినాడు. మద్రాసులో సదివి, అమెరికా పోయి న్యూయార్క్ యూనివర్సిటీలో డాక్టరేట్ చేసినాడు. జనాభా లెక్కలే ఆయన సదువు. అమెరికా ఆమెనే పెండ్లి చేసుకున్నాడు. 1964లో రాజ్యసభకు పోయినాడు, 1967లో ఇందిరాగాంధీ ప్రభుత్వంలో ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ చూసే మంత్రి అయినాడు.

అప్పుడు నడుస్తున్నది 1860లో ఇంగ్లీషోళ్లు రాసిన శిక్షాస్మృతి. తల్లి ప్రాణం కాపాడేదానికి తప్ప కడుపు తీస్తే మూడేండ్ల దాకా జైలు, కడుపులో బిడ్డ కదిలినాక అయితే ఏడేండ్ల దాకా. తీయించుకున్న ఆడమనిషి గూడా ముద్దాయే. అందుకే నాటుమందులు, చాటుమాటు వైద్యాలు, చావులు. 1964లో శాంతిలాల్ షా కమిటీ వేసినారు, 1966 డిసెంబర్లో రిపోర్టు వచ్చింది. 1969లో బిల్లు రాజ్యసభకు వచ్చినప్పుడు చంద్రశేఖర్ ఆ శాఖలోనే ఉండాడు. 1970లో పదవి పోయింది. 1971 ఆగస్టులో చట్టం పాసయింది, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలు.

దాచకుండా చెప్పాలంటే, ఈయప్పకు ముందు కనపడింది జనాభా, ఆ తర్వాతే ఆడమనిషి. వేసెక్టమీ చేయించుకున్నోళ్లకు ట్రాన్సిస్టర్ రేడియో ఇద్దామన్న మంత్రి ఈయనే. ఆ చూపే చట్టంలోనూ పడిందని నాకనిపిస్తాది. నిర్ణయం డాక్టర్ చేతిలో పెట్టినారు. జాగ్రత్త పడినా కడుపొచ్చింది అనే కారణం పెండ్లయినోళ్లకు మాత్రమే రాసినారు. పెండ్లి కాని పిల్ల ఏం కావాల?

అయినా ఆ రోజుల్లో అది చిన్న పని కాదు. ఐర్లాండ్ ఆడోళ్లు దశాబ్దాల పాటు ఇందుకోసం పడవెక్కి ఇంగ్లండు పోయినారు. మన పక్క బెళగావి నుంచి పోయిన పండ్ల డాక్టర్ సవితా హలప్పనవర్ 2012లో అక్కడే గర్భస్రావమవుతూ, అడిగినా తీయక, రక్తంలో ఇన్ఫెక్షన్ పాకి 31 ఏండ్లకే చచ్చిపోయింది. పరాయి దేశంలో చట్టం అడ్డమొస్తే సదువున్నా ఆగలా. 2018లో గానీ ఆ దేశం ఓటేసి మార్చుకోలేదు.

చంద్రశేఖర్ తర్వాత అన్నామలై యూనివర్సిటీ వైస్ చాన్సలర్ గా చేసి, అబార్షన్ మీద పుస్తకం గూడా రాసి, 2001లో కాలిఫోర్నియాలో పోయినాడు. ఆయన వదిలిపెట్టిన లోటు 2021 సవరణలో కొంత పూడింది. ఇప్పుడు 20 వారాల దాకా ఒక డాక్టర్ ఒప్పుకుంటే చాలు, పెండ్లి అయిందా లేదా అనేది లెక్కలోకి రాదు. కొన్ని కారణాలకు ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటే 24 దాకా. ఆ 24 వారాలు పెండ్లి కానోళ్లకు గూడా వర్తిస్తాయని 2022 సెప్టెంబర్లో సుప్రీంకోర్టు చెప్పింది. 18 నిండిన ఆమెకు తన సంతకం ఒక్కటే చాలు, పేరు బయట పెట్టకూడదు. (ఆడపిల్లని తెలుసుకొని తీయించడం మాత్రం వేరే, అది నేరమే.)

మొగుడి సంతకం తెమ్మని అడిగే ఆస్పత్రులు ఇంకా ఉండాయి. చట్టంలో ఆ గడే లేదు. అది తెలీని మనిషి తాడిపత్రి నుంచి అనంతపురం యాభై కిలోమీటర్ల పైనే బస్సులో పోయి, కూలి పోగొట్టుకొని, ఒట్టి చేతుల్తో తిరిగొస్తాది.