రహీము మాస్టరు గారు

సయ్యదు అబ్దుల్ రహీము గారు 1909వ సంవత్సరమున హైదరాబాదునందు జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొనునాఁడే ఫుట్‌బాలాటయందు పేరు గడించిరి. పిమ్మట పాఠశాలలలో ఉపాధ్యాయులై, వ్యాయామవిద్యయందు డిప్లొమా పొంది, బాలుర ఆటలకు పెద్దయైరి. బంతిని ఒక్క కాలితోనే తన్ను అలవాటు వారికి గిట్టదు. అలవాటులేని కాలితోనే ఆడవలెనని పందెములు పెట్టుచుండిరి. మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి బాలురలో ఎందరు ఎడమకాలితో గోలు వేయఁగలరో మాకు సందేహమే!

1950 నుండి వారు హైదరాబాదు పోలీసు జట్టునకు శిక్షకులు. ఆ జట్టు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పు గెలిచెను. వారి శిక్షణలో భారతజట్టు 1956 మెల్బోర్ను ఒలింపిక్సున నాలుగవదిగా నిలిచెను.

అయితే మేము మిక్కిలి మెచ్చునది 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి పోటీలో దక్షిణకొరియా మనవారిని 2-0 గా ఓడించెను. తరువాత రక్షకుఁడగు జర్నయిల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. రహీము గారు అతనిని ఇంటికిఁ బంపలేదు. వెనుకవరుసనుండి ముందువరుసకు మార్చిరి. తుదిపోటీలో మరల కొరియాయే ఎదురయ్యెను. మనవారు 2-1 గా గెలిచిరి. ఆ రెండు గోలులలో నొకటి జర్నయిల్ సింగుదే. ఆ జట్టులో మన సికింద్రాబాదు వాఁడగు తులసీదాసు బలరాముఁడును ఉండెను.

మరుసటి యేఁడు జూన్ 11న మాస్టరు గారు 53 ఏండ్ల ప్రాయమున క్యాన్సరుచే మరణించిరి.