మెదడుకు తొలి రక్ష: యల్లాప్రగడ సుబ్బారావు

మనుష్యునికి మతి ఎందుకు చలిస్తుంది? బిడ్డ తల్లి గర్భంలోనే వికలాంగుడై ఎందుకు పుడతాడు? ఈ ప్రశ్నలకు మన పెద్దలు తోచిన సమాధానాలు చెప్పుకొన్నారు. గ్రహం పట్టిందన్నారు, గాలి సోకిందన్నారు, పూర్వజన్మ కర్మమన్నారు. వెన్ను చీలిన బిడ్డ పుడితే తల్లి గ్రహణం చూచిందని ఆమెనే నిందించారు. అసలు దుఃఖం కంటె ఈ నిందయే ఆ తల్లులను ఎక్కువగా క్రుంగదీసింది. ఇట్టి వ్యాధుల మూలాన్ని దేహకణాలలోను, ఆ కణాలలోని అణువులలోను వెదకవలెనని చెప్పిన శాస్త్రం గడచిన నూరేండ్లలో వృద్ధి పొందింది. ఆ వృద్ధికి తోడ్పడినవారిలో మన తెలుగువాడొకడున్నాడు. ఆయన మానసిక వైద్యుడు కాడు, మెదడును గూర్చి గ్రంథం వ్రాయలేదు. అయినను నేడు లోకమంతటా గర్భిణీ స్త్రీలు మ్రింగే ఒక చిన్న మాత్ర వెనుక ఆయన ప్రయోగశాల శ్రమ ఉన్నది. ఆయనే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన పశ్చిమ గోదావరి మండలంలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. కుటుంబానికి కలిమి లేదు. బాల్యంలో ఆయనకు చదువు మీద కంటె ధనార్జన మీద మనస్సు మెండు. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడను కాగలనని ఇల్లు విడిచి బయలుదేరిన బాలుడాయన. తల్లి వెంకమ్మగారు పట్టువిడువక కుమారుని వెనుకకు రప్పించి బడిలో వేశారు. మెట్రిక్యులేషను పరీక్షలో ఆయన రెండు పర్యాయములు తప్పారు. మూడవ పర్యాయం మదరాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైనారు. తరగతిలో వెనుకబడిన విద్యార్థిని చూచి పెదవి విరిచే మా ఉపాధ్యాయ వర్గం వారు ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకొనదగినది.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు ముగిసిన పిమ్మట సన్యసించవలెనన్న కోరిక ఆయనకు కలిగింది. తల్లి సమ్మతింపలేదు. దానితో ఆయన మదరాసు వైద్య కళాశాలలో చేరారు. చదువుకు కావలసిన ధనం మిత్రులు, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు సమకూర్చారు. 1919లో మూర్తిగారి కుమార్తె శేషగిరి ఆయనకు భార్య అయినది. అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతటా మారుమ్రోగుతున్న రోజులు. సుబ్బారావుగారు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులు ధరించి వెళ్ళారు. ఆంగ్లేయుడైన ఆచార్యునికి అది రుచింపలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టానికి మారుగా దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఆయనకు దక్కింది. ఆ తరువాత మదరాసులో డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు.

ఇంతలో ఇంటిమీద పిడుగు పడింది. సోదరుడు పురుషోత్తం స్ప్రూ అనే గ్రహణి రోగానికి బలి అయ్యారు. అదే వ్యాధి సుబ్బారావుగారిని కూడా పట్టి బాధించింది. ఆయనను బ్రతికించినది లక్ష్మీపతిగారి చికిత్స. ఈ రోగానికి మూలం ఏమిటో, మందు ఏమిటో తేల్చవలెననే పట్టుదల ఆయనలో ఆనాడే నాటుకొన్నది.

1922 అక్టోబరులో ఆయన బోస్టను నగరం చేరారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయం, మామగారి ఆదరణ ఆయనకు దారి బత్తెం. హార్వర్డులో ఉష్ణదేశవ్యాధుల శాస్త్రంలో డిప్లొమా పొందారు. జరుగుబాటు కొరకు ఆసుపత్రిలో కూలిపనికి ఒడిగట్టారు. పిమ్మట సైరస్ ఫిస్క్ అనే జీవరసాయన శాస్త్రవేత్త వద్ద చేరారు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని వారిరువురు 1925లో ప్రకటించారు. అది నేటికిని వారి పేర్లతోనే ప్రయోగశాలలలో చెల్లుబాటవుతున్నది. 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని వారు వెలికి తీశారు. అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా ఎ.టి.పి.ని వేరుగా కనుగొన్నాడు.

ఈ ఎ.టి.పి. జీవకణానికి చేతిసొమ్ము వంటిది. కణం చేసే ప్రతి పనికి ఖర్చయ్యేది అదే. మన మెదడు బరువు దేహం బరువులో నూటికి 2 పాళ్ళు మాత్రమే, కాని విశ్రాంతిగా ఉన్న దేహం వినియోగించే శక్తిలో సుమారు 20 పాళ్ళు అదే కాజేస్తుంది. కనుక మెదడు వ్యాధులను విచారించే ప్రతి శాస్త్రవేత్తకు ఈ అణువుతో పని పడుతుంది.

ఆ దినాలలోనే అమెరికా దక్షిణ రాష్ట్రాలను పెల్లగ్రా అనే వ్యాధి పీడిస్తున్నది. మొక్కజొన్న ప్రధానాహారంగా గల పేదలకు అది సోకేది. చర్మం నల్లబడి పగిలేది, విరేచనాలు పట్టేవి, తుదకు మతి చలించేది. పిచ్చాసుపత్రులలో ఇట్టివారు అనేకులుండేవారు. లోపం మనస్సులో కాక ఆహారంలో ఉన్నదని గోల్డ్‌బర్గర్ చూపాడు. ఆ లోపించిన పదార్థం నికోటినిక్ ఆమ్లమని 1937లో ఎల్వెజెమ్ బృందం తేల్చింది. పిచ్చివారనిపించుకొన్న పెల్లగ్రా రోగులు ఆ ఆమ్లంతో కోలుకొన్నారు. బి విటమినుల మీద జరిగిన ఈ మహాయత్నంలో సుబ్బారావుగారును పాలుపంచుకొని కాలేయసారంలోని పదార్థాలను శోధించారు. మన దక్కనులో జొన్నలు తినేవారిలో కూడా పెల్లగ్రా ఉండేది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో గోపాలన్, శ్రీకంఠయ్య గారలు 1960లో దానిని గూర్చి ముఖ్యమైన ఫలితాలు ప్రకటించారు.

హార్వర్డు సుబ్బారావుగారికి స్థిరమైన పదవి ఈయలేదు. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ సంస్థలో చేరి పరిశోధనలకు అధిపతి అయినారు. అక్కడ ఆయన చేపట్టిన పనులలో ముఖ్యమైనది ఫోలిక్ ఆమ్లం. దీని కథ మన దేశంలోనే మొదలైనది. 1928 తరువాత బొంబాయిలో లూసీ విల్స్ అనే వైద్యురాలు మిల్లు కూలీలైన గర్భిణులలో రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంతో అది మానుతుందని కనుగొన్నది. 1941లో పాలకూరనుండి తీసిన ఆ పదార్థానికి ఆకు అని అర్థమిచ్చే లాటిను మాట ఆధారంగా ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. దానిని రసాయనశాలలో తయారుచేసే మార్గాన్ని సుబ్బారావుగారి బృందం 1945లో సాధించింది. ఆ మందుతో గ్రహణి రోగులకు మేలు కలిగిందని త్వరలోనే వైద్యులు గమనించారు. సోదరుని పొట్టను పెట్టుకొన్న జబ్బుకు మందు దొరికింది, కాని పాతికేండ్లు ఆలస్యమైనది.

ఈ అణువు చేసే పని తెలిసికొంటే మెదడుతో దాని సంబంధం బోధపడుతుంది. కణం రెండుగా చీలేటప్పుడు వంశలక్షణాలను మోసే డి.ఎన్.ఎ.కు నకలు తీయవలె. ఆ నకలుకు కావలసిన ముడిసరుకును తయారు చేయడంలో ఫోలిక్ ఆమ్లం తోడుపడుతుంది. పిండంలో మెదడు, వెన్నుపాము మొదట పలుచని పలక వలె ఉంటాయి. ఆ పలక తమలపాకు చుట్టినట్లు చుట్టుకొని గొట్టమవుతుంది. గర్భధారణ జరిగిన 28 దినాలలో ఆ గొట్టం మూతపడవలె. అప్పటికి తల్లికి తాను గర్భిణినని కూడా తెలియకపోవచ్చును. ఫోలిక్ ఆమ్లం చాలనప్పుడు గొట్టం పైభాగంలో తెరచి ఉండిపోతే మెదడు ఏర్పడదు, క్రింది భాగంలో ఉండిపోతే వెన్ను చీలుతుంది. కారణాలు మరికొన్ని ఉన్నా, వీనిలో పెక్కింటిని నివారింపవచ్చును. ఏడు దేశాలలోని 33 కేంద్రాలలో జరిగిన పరీక్ష ఫలితాలు 1991లో వెలువడ్డాయి. ఒకసారి ఇట్టి బిడ్డను కన్న తల్లులు గర్భధారణకు ముందునుండి ఫోలిక్ ఆమ్లం తీసుకొంటే, మరల ఆ లోపం వచ్చే అవకాశం నూటికి 72 పాళ్ళు తగ్గిందని తేలింది. ఆటిజం అనే వికాసలోపానికి కూడా దీనితో సంబంధమున్నదేమోనని నేటి పరిశోధకులు విచారిస్తున్నారు. 2013లో వెలువడిన నార్వే అధ్యయనం అట్టి సంబంధాన్ని సూచించింది. సంబంధం కనిపించినంత మాత్రాన కారణమని తేల్చరాదు కనుక ఆ విచారణ ముగియలేదు.

ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డగించే అమినోప్టెరిన్‌ను కూడా ఆయన బృందమే తయారుచేసింది. దానితో సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరు పట్టిన పసివారికి కొంతకాలం ఉపశమనం కలిగించి 1948లో ప్రకటించాడు. బోదకాలుకు వాడే హెట్రజాన్, క్రిములను చంపే ఆరియోమైసిన్ ఆయన పర్యవేక్షణలో వెలువడినవే. 1948 ఆగస్టులో, 53 ఏండ్ల ప్రాయంలో, ఆయన గుండె ఆగి నిద్రలోనే మరణించారు. తాము తయారుచేసిన అణువు పుట్టబోయే పసివారి మెదడుకు రక్ష అవుతుందని ఆయనకు తెలియదు.

ఇక చెప్పక తప్పని మాట ఒకటున్నది. 1922లో ఓడ ఎక్కినది మొదలు ఆయన మరల మాతృదేశం చూడలేదు. ఆయన వెళ్ళిన పిమ్మట పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. శేషగిరిగారు పాతికేండ్లకు పైగా ఆయన రాకకై ఎదురుచూస్తూ ఉండిపోయారు. లోకంలోని పసివారికి జరిగిన మేలు ఎంత గొప్పదైనా ఆమె నిరీక్షణను చెరిపివేయదు. మహనీయుని జీవితం చెప్పేటప్పుడు ఆయన ఇల్లాలి వంతును దాచిపెట్టడం న్యాయం కాదు.

1998లో అమెరికాలో ధాన్యపు పిండిలో ఫోలిక్ ఆమ్లం కలపడం తప్పనిసరి అయినది. అదే సంవత్సరం హైదరాబాదు మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. నేడు హైటెక్ సిటీ, గచ్చిబౌలి వీథులలో సముద్రాలు దాటడానికి సిద్ధమైన యువకులు, యువతులు వేలకొలదిగా కనబడతారు. ఆ భవనాల నీడలోనే గర్భిణీ స్త్రీలు ఈ మాత్రను కొనుక్కొంటారు. దాని వెనుక భీమవరం బాలుడొకడున్నాడని వారిలో ఎందరికి తెలుసును? తెలియజేయవలసిన భారం బడి పంతుళ్ళది. వికలాంగుడైన బిడ్డను కన్న తల్లిని నిందింపరాదని, మతి చలించినవానిని చూచి నవ్వరాదని, ఆ బాధలకు కారణం వెదకి చూడవలెనని పిల్లలకు నేర్పితే, అదే సుబ్బారావుగారికి మనం తీర్చుకోగల ఋణం.